పదకొండు సార్లు

కెమిస్ట్రీ చెప్పే రాంచందర్ సార్ పాఠాన్ని ముందే వీడియోగా పంపేవారు. పిల్లలు ఇంటి దగ్గర చూసి రావాలి. క్లాసులో బల్లల చుట్టూ కూర్చుని లెక్కలు చేయాలి, మాట్లాడుకోవాలి. ఆ మాట్లాడటమే స్తుతికి చేతకాలేదు. ఉట్నూర్ దగ్గరి పల్లె నుంచి మంచిర్యాల డిగ్రీ కాలేజీకి వచ్చి నాలుగు నెలలైనా, ఆమె గొంతు ఎలా ఉంటుందో క్లాసులో ఎవరికీ తెలియదు.

అద్దె గదిలో మాత్రం మాట్లాడేది. తోడున్న అమ్మాయి ఖాళీ చేసి వెళ్లాక, సాయంత్రం తలుపు వేస్తే మళ్లీ తెల్లారేదాకా మనిషి మాట వినపడదు. అన్నం ఉడికేంతసేపూ ఫోన్‌ను డబ్బాకు ఆనించి సార్ వీడియో పెట్టుకునేది. మధ్యమధ్యలో సార్ ఆగి, "అర్థమైందా?" అనేవారు.

"అయింది సార్," అనేది స్తుతి.

పాఠం అయిపోగానే గది బోసిపోయేది. మళ్లీ మొదటినుంచి పెట్టేది.

ఆ సోమవారం ఎవరు ఎన్నిసార్లు చూశారో సార్ తెర మీద వేసి చూపించారు. స్తుతి పేరు పక్కన పదకొండు.

"పదకొండు సార్లా! గింత మొద్దుగున్నవేందే?" అంది ప్రవళిక. క్లాసంతా నవ్వింది.

సార్ నవ్వలేదు. అదే ఇంకా నొప్పించింది. "ఫికర్ చేయకమ్మా, మెల్లగ నేర్చుకుందువు," అంటూ ఆమెను వెనక బల్లకు, పాఠం అందనివాళ్ల దగ్గరికి మార్చారు. 'ఒక్కసారికే వచ్చింది సార్' అని స్తుతి చెప్పవచ్చు. మరి మిగతా పదిసార్లు ఎందుకని అడిగితే? స్తుతి పుస్తకాలు తీసుకుని లేచింది.

వెనక బల్ల దగ్గర తిరుమల ఒక్కతే ఉంది. "నీక్కూడ రాలేదా? మంచిగైంది, తోడు దొరికినవ్. మొదటి లెక్క ఏందే గిది?"

స్తుతి కాగితం మీద లెక్క చేసి చూపించింది.

"రాస్తే నాకేం తెలుస్తది? నోటితోని చెప్పు."

స్తుతి సార్ మాటల్నే అప్పజెప్పింది. "చర్య కొన్ని దశల్లో జరుగుతుంది. అన్నింటికన్నా నెమ్మది దశే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. అర్థమైందా?"

"కాలే."

ఆ ప్రశ్నకు అలాంటి జవాబు కూడా ఉంటుందని స్తుతి ఎన్నడూ అనుకోలేదు. ఈసారి సొంత మాటల్లో మొదలుపెట్టింది.

"మా ఉట్నూర్ జీపు లేదా? ఎంత ఉరికితేంది, నిండేదాకా కదలదు. మనం ఎప్పుడు చేరుతమన్నది గా నిండుడే చెప్తది."

"డ్రైవర్ 'ఒక్క మనిషి, ఒక్క మనిషి' అని ఒర్రుతుంటడు సూడు, గదేనా!" తిరుమల పకపకా నవ్వింది.

ఆ నవ్వు విని సార్ వచ్చారు. కాగితం చూశారు. "నీకు వచ్చు కదమ్మా! ముందు బల్లకు పో."

"ఈడనే ఉంట సార్," అంది స్తుతి.

సాయంత్రం అన్నం పెట్టి వీడియో వేసింది. "అర్థమైందా?" అని సార్ ఆగారు.

"కాలే సార్," అంది స్తుతి.

సార్ తరువాతి దశ మొదలుపెట్టారు.