రేకుల మీద వాన

మా ఆయన శ్రీరంగయ్యను హోసూరులో అందరూ అడవి రచయిత అంటారు. పెళ్లికి ముందు కన్నడదేశపు మలెనాడు అడవుల్లో ఓ ఏలకుల తోటలో లెక్కలు రాసేవాడు. ఆ కొన్నాళ్ల అడవే ఆయన నవలలన్నింటికీ సరిపోయింది. తరవాత బతుకంతా ఇక్కడ మా గుడ్డల కొట్లోనే గడిచింది. పుస్తకాల్లో మాత్రం వాన వెలవదు. జలగలు, నాచు, ఎప్పటికీ ఆరని బట్టలు. చదివినవాళ్లు ఆహా అంటారు. ఆ వాన ఎవరు కురిపిస్తున్నారో ఒక్కరూ అడగరు.

కురిపించేది నేను. రేకుల మీద చప్పుడు లేకపోతే ఆయనకు మాట రాదట. ఊరి పక్కన మత్తిగిరిలో ఇల్లు కట్టినప్పుడే పెరట్లో రేకుల గది వేయించుకున్నాడు. ఆయన లోపల రాస్తుంటే నేను బయట నిలబడి పైపుతో రేకుల మీదికి నీళ్లు కొట్టాలి. జారిన నీళ్లు డ్రమ్ములో పడితే, వాటిని బక్కెట్లతో మళ్లీ మోటారు తొట్టిలో పోయాలి. వేరే ఎవరు పట్టినా చినుకు సరిగ్గా పడదంటాడు. ట్యాంకర్ కోసం కాచుకునే వీధిలో ఇదేం పిచ్చని పక్కింటి శోభన మొహం మీదే అడిగింది. పెళ్లైన కొత్తలో ముచ్చటపడి ఒప్పుకున్న పనిని ఎలా మానాలో నాకు తెలీలేదు.

ఇప్పుడు ఆఖరి నవలలో ఆఖరి అధ్యాయం మిగిలింది. అది రాసేస్తే ఇక కలం ముట్టనన్నాడు. ఈలోగా నా కుడి భుజం మొరాయించింది. చెయ్యి పైకెత్తొద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

నిన్న పొద్దున పైపు కింద పడేసి గది గుమ్మం దగ్గరికి పోయాను.

"ఈపొద్దు వాన లేదండి. నా చేత కాదు."

"నొప్పా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు.

"నొప్పే. నవల ఆగిపోతే ఆగిపోనీ."

అన్నాక భయమేసింది. రాయలేకపోతే ఆ మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు. అయినా పైపు పట్టలేదు. మెట్టు మీద కూలబడ్డాను. అలిసిపోయాను, అంతే.

మధ్యాహ్నం ఓ కాగితం పట్టుకొని వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"రాసేసినాను. చదువుతా, ఇను."

ఆయన పుస్తకాల్లో ఏలకులు కోసే ఓ ఆడమనిషి మొదటి నవల నుంచీ తడుస్తూనే ఉంది. ఈ కాగితంలో వాన వెలిసింది. ఆమె బుట్ట దించి, రాయి మీద కూర్చొని, భుజం పిసుక్కుంటోంది. అక్కడితో పుస్తకం అయిపోయింది.

చదివి కాగితం మడిచాడు. నా మెప్పు కోసం చూస్తున్నాడు. బాగుందని చెప్పొచ్చు. నిజంగా బాగుంది కూడా. కళ్లు తుడుచుకున్నాను.

"ఆయమ్మను మొదటి పుస్తకంలోనే కూర్చోబెట్టి ఉండొచ్చు కదండి" అన్నాను.