తోడు వెళ్లినవాణ్ణి

ఆరు నెలల కిందట నా భార్య ఆనందిని మదురైలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. తానే బస్సెక్కి పోయొస్తానంది పాపం. అలాంటి చోటికి ఆడది ఒంటిగా వెళ్తే మా ఊరు వాడిపట్టిలో నలుగురూ ఏమనుకుంటారని మా అమ్మ అడ్డం పడింది. నేనూ తలూపాను. మొగుణ్ణి కదా, పక్కన కూర్చుంటే మర్యాదగా ఉంటుందనుకున్నాను.

డాక్టరమ్మకు తమిళమే వచ్చు. తిండి సంగతీ నిద్ర సంగతీ ఆనంది తమిళంలోనే చెప్పింది. అసలు మాట దగ్గరికొచ్చేసరికి నావైపు తిరిగి, మేము ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో అంది: “నాకు బతికేదానికే మనసు లేదు మామా. ఆయమ్మకు చెప్పే ధైర్యం రాలే. మీరే చెప్పండి.”

ఆ మాట కాగితం మీదికెక్కితే మా ఇంటి పరువేమవుతుందన్నదే ముందు తోచింది, ఆమె ఏమవుతుందన్నది కాదు. నిద్ర బొత్తిగా పట్టడం లేదంటోందని డాక్టరమ్మకు తమిళంలో చెప్పాను. ఆనందికి నాకంటే తమిళం బాగా వచ్చు. విని తల దించుకుంది. డాక్టరమ్మ నిద్రకు మాత్రలు రాసింది. వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర చల్లగా జిగర్తండా తాగించాను, సిగ్గులేకుండా.

ఆ తర్వాత నాకే నిద్ర కరువైంది. పొలంలో ఊరికే ఏడుపొచ్చేది. మోటారు సామాను కొనాలని చెప్పి కోయంబత్తూరు వెళ్లాను, ఒంటిగా. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. అక్కడి డాక్టరు దగ్గర గంటసేపు నా గోడంతా వెళ్లబోసుకున్నాను. భార్య ఎలా ఉందని ఆయన అడిగితే మాత్రం బాగానే ఉందన్నాను.

నిన్న నా చొక్కా ఉతకబోతూ ఆనంది కోయంబత్తూరు డాక్టరు రాసిన మందుల చీటీ చూసింది. ఎవరు తోడొచ్చారని అడిగింది. ఎవరూ రాలేదన్నాను. చీటీని మడతపెట్టింది.

“ఆ పొద్దు మీరు మార్చి చెప్తిరి. నేను వింటి,” అంది. “మీకే వినబుద్ధి కాలేదంటే ఇంకెవరికి చెప్పేదని గమ్మునుంటి.”

“ఇప్పుడూ మనసు అట్లే ఉండాదా?” అన్నాను.

ఆనంది చొక్కాను బకెట్లో ముంచి ఉతకడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది. ఈ ఆరు నెలలూ నాకు వండి పెట్టింది, నా పక్కనే పడుకుంది. ఏ పొద్దయినా ఏదైనా జరిగి ఉంటే చంపినవాణ్ణి నేనే అయ్యేవాణ్ణి.

ఈ రోజు పొద్దున్నే మళ్లీ మదురై వచ్చాం. కుర్చీలో కూర్చోకముందే ఆ మాటను ఉన్నదున్నట్టు తమిళంలో చెప్పేశాను. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, ఎప్పుడందని అడిగింది.

“ఇక్కడే, మీ ముందే. ఆరు నెలలయింది.”

ఆవిడ నన్ను బయట కూర్చోమంది. నేను తలుపు దాటకముందే ఆనంది తన కుర్చీని ఆవిడ బల్ల దగ్గరికి జరుపుకుంది.