ఇంకొక్కసారి దిద్దు

మందుల షాపు నడిపే ఆవిడను వీధి వీధంతా మందులక్క అనే పిలిచేది. ఆవిడ కథలు రాస్తుందని మాత్రం ఒక్కరికే తెలుసు, ఎదురుకొట్టులో బట్టలు కుట్టే టైలరమ్మకి. అదైనా ఎలాగంటే, తలనొప్పి మాత్ర కోసం వచ్చిన టైలరమ్మ కౌంటరు మీద బోర్లించిన కాగితాలు తిప్పి, నిలబడ్డచోటే చదివేసి, మాత్ర సంగతి మరిచిపోయి, "తర్వాతేమైంది?" అని అడిగింది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "నేనూ రాస్తానక్కా. ఎవరికీ చెప్పకు, మా ఆయన నవ్వుతాడు" అంది.

ఆనాటి నుంచి ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళిద్దరివీ. షట్టరు సగం దించి, మందుల అట్టపెట్టెల మధ్య రెండు స్టూళ్ళు వేసుకుని, ఒకరు రాసింది ఒకరికి చదివి వినిపించుకునేవారు. టైలరమ్మకి విమర్శ అంటే ఏమిటో తెలియదు. బాగుంటే తొడ చరిచి నవ్వేది, బాధేస్తే ముక్కు చీదేది. చివర్లో ఒకటే మాట, "పంపెయ్ అక్కా." మందులక్క నసుగుతుంటే తనే కవరు అంటించి, చెయ్యి పట్టుకుని పోస్టాఫీసుకి లాక్కెళ్ళేది. కథ తిరిగొస్తే, "వాళ్ళకి రాసిపెట్టి లేదులే, ఇంకో పత్రికకి కొట్టు" అనేది. అలా మందులక్క కథలు ఒకటొకటే అచ్చయ్యాయి. చివరికి పుస్తకమే వచ్చింది.

మందులక్క తీరు వేరు. చీటీ చూసి మందిచ్చే చెయ్యి, పొల్లు పోతే ఒప్పుకోదు. టైలరమ్మ తన అత్తగారి మీద రాసిన నవల ఎర్ర సిరాతో నిండిపోయింది. "మా అత్తకి కోపం వస్తే నోరు తెరవదు, గిన్నెల చేత మాట్లాడిస్తుంది" అన్న వాక్యానికి మందులక్క కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి, దాన్నే కొట్టేసింది.

"అదేంటక్కా, నవ్వావుగా?"

"నవ్వొచ్చింది కాబట్టే చెప్తున్నా. పేజీ పేజీకీ ఇలాంటివే. చదివేవాళ్ళు కథ వదిలేసి వీటి వెంట పడతారు. ఇంకొక్కసారి దిద్దు. తొందరేముంది?"

టైలరమ్మ దిద్ది తెచ్చింది. ఈసారి మొదలు బాగాలేదంది మందులక్క. ఆ తర్వాత ముగింపు. ఇంకోసారి, మధ్యలో వచ్చే పిన్నత్తగారు దండగంది. ఒక్కటీ చెడు తలచి అన్నది కాదు. తన కథలకన్నా ఆ నవల మీదే ఎక్కువ కష్టపడింది. టైలరమ్మ కూతురు బడి దాటి కాలేజీలో చేరింది, నవల మాత్రం ఆ అట్టపెట్టెల మధ్యే నలుగుతూ ఉండిపోయింది.

ఎట్టకేలకు ఒక ఆదివారం మందులక్క పెన్ను మూసి, "ఇక వేలు పెట్టడానికి లేదు. పంపుదాం" అంది. గంతేస్తుందనుకుంటే, టైలరమ్మ "సరే అక్కా, నీ ఇష్టం" అంది, ఎవరివో బట్టలు అప్పగిస్తున్నట్టు.

ప్రచురణ సంస్థ సంపాదకురాలు ఫోన్ చేసినప్పుడు మందులక్క పక్కనే ఉంది. టైలరమ్మ స్పీకరు నొక్కి, కంగారులో "ఉండండమ్మా, నోట్లో గుండుసూదులున్నాయి, మింగానంటే ఇదే నా ఆఖరి నవల" అంది. అవతలావిడ పకపకా నవ్వింది. నవ్వు ఆపుకుని, మెల్లగా చెప్పింది.

"నవల భాష చాలా శుభ్రంగా ఉందండీ, వంక పెట్టడానికి లేదు. కానీ చెబుతున్న మనిషి గొంతే వినబడలేదు. మేం వేసుకోలేం. మీరిప్పుడు మాట్లాడారే, అలా రాసుంటే..."

మందులక్క లేచి నిలబడింది. ఫోన్ పెట్టేయగానే, "మొదట రాసిందుందిగా, తియ్యి. దాన్నే పంపుదాం" అంది.

"ఎక్కడిదక్కా? నువ్వు కొట్టేసినవి కదా అని ఆ కాగితాలు జాకెట్ల కొలతలకి ముక్కలు కత్తిరించేసుకున్నాను."

మందులక్క ఊరుకోలేదు. కుట్టుమిషను కింది ముక్కల మూట విప్పించి నేల మీద పరిచింది. కాలరు ముక్క మీద సగం వాక్యం, భుజం ముక్క మీద ఇంకెక్కడిదో సగం. ఉన్నవాటికైనా ఎర్ర గీతల కింద అక్షరాలే ఆనలేదు.

"పోనీ నోటితో చెప్పు, నేను రాసుకుంటా."

టైలరమ్మ కళ్ళు మూసుకుంది. "అత్తగారికి కోపం వస్తే మౌనం వహించేది..." అని ఆగిపోయింది. "చూశావా, నాకు నువ్వు దిద్దిందే వస్తోంది."

మందులక్కకి గిన్నెల మాట ఒక్కటే గుర్తుంది. మిగతావాటికి ఎంత నవ్విందో గుర్తుంది గాని, అవేమిటో గుర్తులేదు.

"నన్ను తిట్టవే" అంది.

"తిట్టడానికేముందక్కా? నా రాతల కోసం నీ అంత కష్టపడ్డవాళ్ళెవరు?" టైలరమ్మ ముక్కలు పోగుచేస్తూ అంది. "కాకపోతే ఒక్క మాట, ఏమీ అనుకోకు. మళ్ళీ ఎప్పుడైనా రాస్తే నీకు మాత్రం చూపించను."

ఆదివారాలు ఆగలేదు. టైలరమ్మ వస్తుంది, మందులక్క కథ వింటుంది, "పంపెయ్ అక్కా" అంటుంది. తన సంచిలోంచి మాత్రం ఏ కాగితమూ తియ్యదు. ఒక్కోసారి కథ మధ్యలో, నవ్వే చోటు కాకపోయినా, తనలో తనే ఫక్కుమంటుంది.

"ఏంటే?"

"ఏం లేదులే, నువ్వు చదువు."

ఒకప్పుడైతే ఆ నవ్వెందుకో మొదట తనకే చెప్పేది. మందులక్క తల వంచుకుని పేజీ తిప్పుతుంది.