తల నుంచి కాళ్ళ దాకా

ముందు మొగుడి చొక్కా, తర్వాత కూతురి యూనిఫాం, ఆఖరున కరెంటు పోకుండా ఉంటే తన బట్టలు. ఆ ఇంట్లో ఇస్త్రీకి వరస అది. లిఫ్టులు అమ్మే కంపెనీలో ఆమె చేరి ఐదు నెలలైనా ఆ వరస మారలేదు. మారిందల్లా అత్తగారి పలకరింపు. "ఆఫీసుకా, పెళ్ళికా?" అని రోజూ అడుగుతుంది, రోజూ అప్పుడే తట్టినట్టు నవ్వుకుంటుంది.

కంపెనీలో ఒక పద్ధతి ఉంది. అమ్మకాల్లో ఉన్న ఆరుగురు ఆడవాళ్ళూ పొద్దున ఎనిమిదిలోపు తల నుంచి కాళ్ళ దాకా కనిపించేలా ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. "కస్టమరు ముందు మనిషిని చూస్తాడు, తర్వాతే లిఫ్టుని" అంటాడు మేనేజరు. ఆయన సరేనంటే బయల్దేరాలి, లేదంటే బట్టలు మార్చుకోవాలి. మగవాళ్ళకి ఈ బాధ లేదు. వాళ్ళు నలిగిన చొక్కాతో వస్తే పాపం బాగా తిరుగుతున్నారని మెచ్చుకోలు. ఆమె ఫోటోలు భర్త తీసేవాడు. పై బొత్తాం పెట్టుకోమని ఈయన, కాస్త కళగా ఉండమని ఆయన, మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా తను. అయినా ఓర్చుకుంది. ఒక్క పెద్ద ఆర్డరు తెస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు మరి. పెళ్ళయ్యాక మూడు ఉద్యోగాలు వదిలేసింది. ఒకటి కాన్పుకి, ఒకటి మామగారి జబ్బుకి, ఒకటి భర్త బదిలీకి. ఇదీ పోతే ఇంకొకటి ఇచ్చేవాళ్ళు ఉండరని ఆమెకు బాగా తెలుసు.

పెద్ద ఆర్డరు కోసం ఒక బిల్డరుని కలవాల్సిన రోజున మేనేజరు గ్రూపులో కాకుండా విడిగా రాశాడు. "బూడిద రంగు వద్దు. పోయిన గురువారం వేసుకున్న మెరూన్ చొక్కా వేసుకో. బిల్డరు గారికి అది నచ్చుతుంది." తనని ఎన్నడూ చూడని మనిషికి తన చొక్కా ఎలా నచ్చుతుందో అర్థం కాలేదు. మార్చుకుంటుంటే వీపు మీద సన్నగా చెమట పట్టింది. "మంచి రంగే, వేసుకో" అన్నాడు భర్త, బూట్లు తొడుక్కుంటూ. పై బొత్తాం సంగతి ఆ పూట ఎత్తనేలేదు.

బిల్డరు కడుతున్నది పద్నాలుగు అంతస్తులు, కావలసినవి నాలుగు లిఫ్టులు. ఒక్కో లిఫ్టు నిమిషానికి ఎంతమందిని ఎక్కిస్తుంది, రోగిని పడుకోబెట్టి తీసుకెళ్ళాలంటే తలుపు ఎంత వెడల్పుండాలి, అన్నీ రెండు వారాలు కూర్చుని రాసుకుంది. ఫైలు ఆయన ముందు పెట్టింది. ఆయన దాని మీద టీ కప్పు పెట్టాడు.

"ఫోటోలో జుట్టు వదిలేసుకున్నారు కదమ్మా. ఇవాళ ముడి వేశారేం?"

ఆమె జుట్టు వదులుకుని ఎన్నడూ ఫోటో దిగలేదు. ఆ మాటే అనబోయింది. ఆయన ఫోను ఇటు తిప్పాడు. వరసగా ఆరుగురూ ఉన్నారు. ఆమె ఫోటోలు మిగతావాళ్ళకన్నా ఎక్కువే ఉన్నాయి. ఒకదాంట్లో తలస్నానం చేసి, భుజాన తువ్వాలుతో, అటు తిరిగి జుట్టు ఆరబెట్టుకుంటోంది. వెనక మంచం మీద నోరు తెరుచుకుని పాప నిద్రపోతోంది.

"ఎవర్ని పంపమంటారని మీ మేనేజరు అడిగాడు. నిన్నే పంపమన్నాను" అన్నాడు. మీరు కాస్తా నువ్వయింది. "సంతకాలు శనివారం మా గెస్ట్ హౌసులో పెట్టుకుందాం. ఒక్కదానివే రా, తొందరగా తేలిపోతుంది."

ఎలా లేచిందో, ఏం చెప్పి వచ్చిందో గుర్తు లేదు. బస్సులో కూర్చుని ఫైలు మీది టీ మరక తుడిచింది. మొదటి చూపులో మంచి పేరు తెచ్చుకోవాలని ఐదు నెలలు కాలర్లు నొక్కి నొక్కి ఇస్త్రీ చేసుకుంది. తను గడప తొక్కకముందే ఆ చూపు అయిపోయింది, దాని కింద తన బిడ్డ కూడా పడింది.

సాయంత్రం భర్త గోళ్ళు తీసుకుంటున్నాడు. "నేను జుట్టు ఆరబెట్టుకుంటున్న ఫోటో మీరే తీశారా?" అని అడిగింది.

"మీ మేనేజరే ఫోన్ చేశాడు. ఇంట్లో ఉన్నట్టుగా కొన్ని పంపమన్నాడు, అవైతే సహజంగా ఉంటాయట. నీ ఉద్యోగం ఖాయం కావాలనేగా నా తాపత్రయం. కాదంటే అడ్డుపడ్డానని నువ్వే అంటావు."

"ఎన్ని పంపారు?"

"లెక్కపెట్టలేదు" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆమె గదిలోకి వెళ్ళి గడియ పెట్టింది. ఉద్యోగం పోతే పోనీ, శనివారం వెళ్ళేది లేదు, మిగతా ఐదుగురికీ ఈ రాత్రే చెప్పి తీరాలి అనుకుంది. దాని మొగుడే తీశాడట అని రేపు వాళ్ళు తన వెనక నవ్వుకుంటారేమోనని ఒక్క క్షణం ఆగింది. ఆగి, ఆ ఐదుగురిలోకీ పెద్దదైన అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, మన ఫోటోలు మేనేజరు కస్టమర్లకి చూపిస్తున్నాడు. మనం పెట్టనివి కూడా. నావి మా ఇంట్లోంచే వెళ్ళాయి."

అవతల కుక్కరు కూత పెట్టింది. తలుపు దగ్గరగా వేసిన చప్పుడు. తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగింది అక్క.

"మీ ఆయన కూడానా?"