అమ్మ గేముకు శబ్దముంది

“మీ అమ్మకి దాంతో పనేముందిలే, ఇచ్చెయ్,” అన్నాడు నాన్న, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. నిన్న ఊడిపోయిన పై గుండీ పొద్దుటికల్లా మళ్ళీ తన చోట ఎలా ఉందో ఆయన ఆలోచించలేదు. దాన్ని కుట్టిన అమ్మ రెండడుగుల దూరంలో వంగి ఆయన బూట్లు తుడుస్తోంది. అడగాల్సింది ఆ వంగి ఉన్న మనిషిని అని నాకూ తట్టలేదు.

ఇవ్వాల్సింది ఒక వీడియో గేము. టీవీకి తగిలించే రకం కాదు, అరచేతిలో పట్టేది. చిన్న గాజు తెర, అటూ ఇటూ రెండు బొత్తాలు. తెర మీద నల్లటి మనిషి ఒకడు రాయి మీంచి రాయి మీదికి గెంతుతూ ఏరు దాటాలి. కింద మొసలి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. స్కూల్లో చదివేటప్పుడు లెక్కల్లో మొదటి బహుమతిగా వచ్చిందట అమ్మకి. పెళ్ళికి ముందువి ఆమె దగ్గర మిగిలినవి రెండే, ఈ గేమూ, గుండ్రటి చేతిరాతా. మధ్యాహ్నం గిన్నెలన్నీ బోర్లించాక పెరటి మెట్టు మీద కూర్చుని పది నిమిషాలు ఆడుతుంది. ఎవరైనా పిలిస్తే మధ్యలో లేచి వస్తుంది. నల్లటి మనిషి మొసలి నోట్లో పడతాడు.

స్కూలు కంప్యూటర్ గదిలో నాకు ఆ వెబ్‌సైట్ కనిపించింది. పాతకాలపు చేతి గేములను వెతికి, వాటి బొమ్మలు, కాగితాలు, శబ్దాలు అన్నీ దాచిపెట్టే డిజిటల్ ఆర్కైవ్. నడిపేది గడియారాలు బాగుచేసి రిటైరైన ఒకావిడ. వందల గేములున్నాయి. అమ్మ గేము పేరు దగ్గర మాత్రం బూడిదరంగు గడి, లోపల ‘ఎక్కడా దొరకలేదు’ అని. క్లాసులో లేచి నిలబడి ఒక్క మాట చెప్పలేని నేను ఆవిడకు మూడు పేరాలు రాశాను, మా ఇంట్లో ఉంది, పంపిస్తానని.

“ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నానమ్మా దీనికోసం,” అని జవాబిచ్చింది ఆవిడ. “ముందే ఒక మాట చెప్తున్నా. గాజు ఊడదీసి స్కాన్ చెయ్యాలి, చిప్పు విప్పి చదవాలి. తర్వాత అది పనిచెయ్యదు. కంప్యూటర్లో మాత్రం ఎవరైనా ఎప్పటికైనా ఆడుకోవచ్చు. మీవాళ్ళకి ఇష్టమేనా?”

ఇష్టమే అని రాసేశాను. ఎవర్నీ అడగలేదు. పార్సిల్ పంపాలి కాబట్టి నాన్నకు మాత్రం చెప్పాను.

విప్పే ముందు శబ్దం రికార్డు చేసి పంపమంది ఆవిడ. దీనికి శబ్దం లేదండీ అన్నాను. “ఎందుకుండదూ? వెనక చూడు, అయిదు చిన్న కన్నాలుంటాయి.”

నాన్న వెళ్ళాక సొరుగులోంచి తీసి చూశాను. కన్నాలుండాల్సిన చోట దెబ్బలకు అంటించే ప్లాస్టర్ ముక్క, మాసి నల్లబడి ఉంది. గోటితో లేపితే కింద కొవ్వొత్తి మైనం. పిన్నీసుతో గీకి బొత్తాం నొక్కాను. కీచుమంది. పదహారేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను, దానికి గొంతుందని నాకు తెలీదు.

“ఎవరే అదీ, కోడిపిల్లనేమైనా తెచ్చారా ఇంట్లోకి?” ముందు గదిలోంచి నాన్నమ్మ అరిచింది.

అమ్మ వంటగదిలోంచి వచ్చి నా చేతిలోంచి గేము తీసుకుంది. చూడకుండానే ఆమె బొటనవేలు వెనక్కి వెళ్ళి కన్నాల మీద ఆనింది.

“ఎవరు మూశారమ్మా వీటిని?”

“నేనే. అప్పుడు నువ్వు మూడు నెలల పిల్లవి. పడుకున్నావు కదా అని ఆడుకుంటున్నా. మీ నాన్నమ్మ వచ్చి, ‘ఇంట్లో పసిపిల్లలు ఇద్దరున్నారని నాకు తెలీదే’ అంది. మీ నాన్న ఆ మాట ఆఫీసులో చెప్పుకుని నవ్వాడట. ఆ సాయంత్రమే మైనం పోశా.”

“కోపం రాలేదా?”

“ఏమో. వంట చెయ్యాలిగా.”

ఆమె గొంతులో ఏమీ లేదు. నాకూ ఏమీ అనిపించలేదు, తిమ్మిరెక్కిన కాలిని గిల్లుకుంటే తెలియనట్టు. ఏవేవో వస్తువులు మాత్రం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అమ్మ గొడుగు ఎవరు ముందు బయటికెళ్తే వాళ్ళది. అమ్మ దువ్వెన అందరిదీ. అమ్మ ఫోను నాది. నేను బడికెళ్ళే మొదటిరోజు నా పెన్సిళ్ళ మీద, పలక మీద, సంచీ మీద నా పేరు గుండ్రంగా రాసిచ్చింది అమ్మే, ఎవరూ తీసుకోకుండా. ఆమె పేరు ఇంట్లో ఏ వస్తువు మీదా లేదు. నేనూ ఎప్పుడూ రాయలేదు.

“అమ్మా, దాన్ని ఇచ్చేస్తానని రాసేశాను.”

విప్పుతారని చెప్పాను. ఇక పనిచెయ్యదని, కానీ ఎప్పటికీ ఉంటుందని, లోకమంతా ఆడుకుంటుందని చెప్పాను. నాన్న సరేనన్నాడని కూడా చెప్పాను. అమ్మ అంతా వింది.

“నన్నడిగావా?”

‘నీకు దాంతో పనేముంది’ అన్న మాట నా నోటిదాకా వచ్చింది, అచ్చం నాన్న గొంతుతో. మింగేశాను.

“ఇవ్వనని రాయి,” అంది.

“పాపం, మంచావిడమ్మా.”

“మంచావిడే అయ్యుంటుంది. చూస్తానంటే రమ్మను. ఇవ్వను.”

సాయంత్రం సంగతి తెలిసి నాన్న నవ్వాడు. “ఏంటే, బొమ్మ కోసం ఇంత పట్టుదలా?” నాన్నమ్మ, “ఎదిగిన కూతుర్ని పక్కన పెట్టుకుని,” అని మొదలుపెట్టి, వాక్యం పూర్తి చెయ్యకుండా నావైపు చూసింది. అమ్మ కంచాలు సర్దుతూనే ఉంది.

మర్నాడు వెబ్‌సైట్ తెరిచాను. పంపుతానన్నది మానుకోవడానికి ఒక ఫారముంది. అందులో ‘కారణం’ అని పెద్ద గడి. ‘అమ్మకు ఒంట్లో బాగోలేదు’ అని రాశాను. ఎవరికైనా కాదని చెప్పాల్సొస్తే అమ్మా నేనూ ఏ జ్వరాన్నో తలనొప్పినో అడ్డం పెట్టుకుంటాం. చెరిపేశాను. ‘మా ఇంట్లో ఒప్పుకోలేదు’ అని రాశాను. అదీ అబద్ధమే. అమ్మ తప్ప ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. చెరిపేశాను.

‘అది మా అమ్మది. ఇవ్వనంది,’ అని రాశాను. కింద క్షమించండి అని కలపకుండా పంపేశాను.