కొట్టం చీర

నాగమణమ్మ పోయాక ఇంట్లో ఏమేం ఆగిపోయాయని లెక్క వేసుకుంటే పెద్దగా ఏమీ తేలలేదు. వంట కోడలు స్రవ్య చేస్తోంది. దుకాణం నేనూ, నా కొడుకు శ్రవణ్‌కుమారూ ఎప్పటిలాగే తెరుస్తున్నాం. ఛత్రినాకలో మాది పశువుల దాణా దుకాణం. తౌడు, పత్తిచెక్క, జొన్నచొప్ప అమ్ముతాం. పెద్దకర్మ అయిన మర్నాడే షట్టరు ఎత్తాను. పెళ్ళాం పోతే ఏడవలేదేమని బంధువులు నా ముఖంలోకి తొంగి చూశారు. ఏడుపు రాలేదు. రానిదాన్ని ఎక్కడి నుంచి తెచ్చేది?

నిజంగా ఆగిపోయింది ఒక్కటే. సుక్కి పాలు.

ఇంటి వెనుక కొట్టంలో మాకు రెండు బర్రెలు. ఒకటి చూడిది, ఇప్పట్లో పాలివ్వదు. రెండోది సుక్కి. నుదుట తెల్లమచ్చ ఉందని నాగమణమ్మే ఆ పేరు పెట్టింది. దాని దూడ పుట్టిన కొద్ది రోజులకే చచ్చిపోయింది. అప్పటి నుంచి అది నాగమణమ్మ చెయ్యి తగిలితేనే పూర్తిగా చేపేది, అంటే పొదుగులోకి పాలు దించేది. వేరే ఎవరు కూర్చున్నా సగం బిగబట్టుకునేది. మాఘమాసంలో ఒక పొద్దున నాగమణమ్మ నిండు బకెట్ తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టి, పక్కనే కూర్చుని, అలాగే ఒరిగిపోయింది. ఆ బకెట్ పాలు ఏం చేశామో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

పాలు పిండడానికి పురానాపూల్ నుంచి భిక్షపతిని పెట్టాను. మొదట్లో సుక్కి సగం ఇచ్చింది. తర్వాత అందులో సగం. హోలీ దాటేసరికి గిన్నె అడుగు కూడా తడవలేదు.

"సేటూ, ఇది మొండికేసింది. సూది ఏద్దమా? చిటికెల దిగుతయ్ పాలు" అన్నాడు భిక్షపతి.

"ఆమె ఉన్నప్పుడు సూది ఏయనియ్యలే."

"ఆమె ఉన్నప్పుడు అక్కర పడలే గద!"

అతను కాళ్ళు కడుక్కుంటూ, "గిట్లనే ఉంటే వట్టిపోతది. అప్పుడు పాలకు కొనెటోడు రాడు, కోతకు కొనెటోడే వస్తడు. శుక్రారం అంగడికి కొట్టుకపోత, ఏమంటవ్?" అన్నాడు.

వ్యాపారంగా చూస్తే సరైన మాటే. పాలివ్వని బర్రెకు రోజూ దాణా పెట్టేవాళ్ళను నేనే ఎన్నోసార్లు నవ్వుతూ తిట్టాను. కానీ సరేనన్న మాట నోటి దాకా వచ్చి ఆగింది.

"వేరే దారి లేదా?"

భిక్షపతి నన్ను ఎగాదిగా చూశాడు. "ఉంది. అమ్మ కొట్టంల కట్టుకునే చీర కట్టుకొని నువ్వే కూసో. నవ్వకు సేటూ! మా నాయిన గిట్లనే పిండిండు. బర్రెకు కండ్లతోని పని లేదు, ముక్కుతోనే."

ఆ చీర నాకు తెలుసు. ముదురాకుపచ్చ గళ్ళ నేత చీర. తెల్లవారితే కొట్టంలో, పొద్దెక్కితే దండెం మీద. పెద్దకర్మ అయ్యాక ఆమె బట్టలన్నీ మూట కట్టి, పేడ ఎత్తడానికి వచ్చే కాశమ్మకు ఇచ్చేశాం. ఇంట్లో ఉంచుకోకూడదని బంధువులు అన్నారు, నేనే మూట ముడి బిగించాను.

ఒక కొత్త చీర తీసుకుని కాశమ్మ ఇంటికి వెళ్ళాను.

"గా గళ్ళ చీరనా? మంచిగుంది బాపు, పెట్టెల పెట్టిన" అంటూ తెచ్చింది. "మల్లెందుకు? కోడలు కడతదా?"

"నేను కడత."

కాశమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా ముఖం చూసి మళ్ళీ తనే ఆపేసింది. సంగతి చెప్పాను. ఆమె చేతిలోని మడత అలాగే ఉండిపోయింది.

"అయ్యో బాపు... నేను సోడాల నానబెట్టి రెండు వాయిలు ఉతికిన గద! పెద్దమ్మ చీర, మరకలతోని కట్టుకుంటె బాగుండదని."

అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు. సబ్బు తప్ప మరేమీ లేదు.

అయినా మర్నాడు పొద్దున లుంగీ మీదే ఆ చీర చుట్టుకుని కూర్చున్నాను. సుక్కి మెడ తిప్పి ఒకసారి వాసన చూసింది. మళ్ళీ గోడ వైపు తిరిగింది. భిక్షపతి స్తంభానికి ఆనుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. శ్రవణ్‌కుమార్ తలుపు సందులోంచి చూసి, "బాపు, జల్ది ఇప్పెయ్. గల్లీల ఇజ్జత్ పోతది" అన్నాడు. గిన్నె పొడిగానే ఉంది.

దుకాణంలో కూర్చుని ఆలోచించాను. వాసన పోయిన సరుకుకు వాసన పట్టించడం మాకు తెలియని విద్య కాదు. ఇంగువ డబ్బా పక్కన పెడితే ఉప్పు బస్తాకు కూడా ఇంగువ వాసన పడుతుంది. అయితే పక్కన ఏం పెట్టాలో తెలియాలి. చెక్క ముక్క వాసన చూసి అది ఏ మిల్లుదో చెప్పగలను. బస్తా విప్పకుండానే తౌడు ముక్కిందో లేదో చెప్పగలను. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి దగ్గర ఏ వాసన వచ్చేదంటే చెప్పలేకపోయాను. ఎంత తవ్వుకున్నా ఏమీ దొరకలేదు. అది బాధగా కూడా లేదు. ఖాళీ బస్తాలో చెయ్యి పెట్టినట్టు ఉంది.

సాయంత్రం స్రవ్య సంతోష్‌నగర్‌లో తను పాఠాలు చెప్పే స్కూలు నుంచి వచ్చింది. అడిగాను.

"అత్తమ్మ దగ్గరనా?" అని కాసేపు నసిగింది. "చెప్తే తప్పనుకోకండి మామయ్యా. బర్రె వాసన వచ్చేది. పెళ్ళైన కొత్తల నాకు కడుపుల తిప్పేది. ఆమె దగ్గరికి తీసుకుంటే ఊపిరి బిగబట్టేదాన్ని. తర్వాత్తర్వాత ఆ వాసన రాకుంటే ఆమె ఇంట్లో లేదని తెలిసేది."

చెప్పి, సంచి కూడా దించకుండా వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. ఈ ఇంట్లో ఆమెకైనా ఏడుపు వస్తోందని అర్థమైంది.

మర్నాటి నుంచి దుకాణం శ్రవణ్‌కుమార్‌కు అప్పజెప్పాను. ఎండలు ముదిరే ముందు కొట్టంలో చేయాల్సిన పనులన్నీ అలాగే పడి ఉన్నాయి. ఏటా ఈ రోజుల్లో నాగమణమ్మ చేసుకునేది, నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు గళ్ళ చీర చుట్టుకుని మొదలుపెట్టాను. రేకుల మీద వేడి దిగకుండా గడ్డి పరిచాను. చలికాలమంతా గట్టిపడిన నేలను పారతో చెక్కి కొత్త మొరం పోశాను. తొట్టిలో పేరుకున్న నాచు, రాలిన వేపపూత ఎత్తిపోశాను. మంగలిని పిలిచి రెండు బర్రెలకూ వెంట్రుకలు గొరిగించాను. అతను గొరుగుతుంటే సుక్కి మెడ నా భుజానికి ఆనించి పట్టుకున్నాను. తర్వాత ఒంటినిండా నూనె పట్టించాను. పేడ, ఉచ్చ, నూనె, చెమట అన్నీ చీరకే తుడిచాను. రాత్రికి విప్పి సుక్కి ముందు గుంజకే కట్టేవాణ్ణి. అది చొంగ కార్చుకుంటూ నమిలేది.

భిక్షపతి చూసి, "సేటమ్మా, పైలం! కొంగు తొక్కి పడేవు" అని వేళాకోళం చేశాడు. "శుక్రారం పొద్దుగాల ట్రాలీ తెస్త. అప్పటికి పాలు దిగకుంటే అంగడికే, మాట మార్చకు."

"తే. మార్చ" అన్నాను.

శుక్రవారం తెల్లవారుతుండగా కూర్చున్నాను. చీర బరువెక్కి ఒంటికి అతుక్కుంటోంది. వేళ్ళకు ఆముదం రాసుకుని పొదుగు తడిపాను. సుక్కి మెడ తిప్పింది. నా భుజం మీద ముక్కు పెట్టి చాలాసేపు ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి వేడి మెడకు తగిలింది. కొంగు ఒక కొస నోట్లోకి తీసుకుంది. అప్పుడు చేతి కింద పొదుగు మెల్లగా పాలతో నిండడం తెలిసింది. మొదటి ధార గిన్నెలో కాక నా పాదం మీద పడింది. రెండోది గిన్నెలో మోగింది.

బయట ట్రాలీ హారన్ కొట్టింది.

"సేటూ, తాడు పట్టుకొని రా!" భిక్షపతి అరిచాడు.

నేను లేవలేదు. లేస్తే ఇది మళ్ళీ బిగబట్టుకుంటుంది. భిక్షపతి లోపలికి వచ్చి, చప్పుడు విని, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గిన్నె వైపు చూశాడు. నవ్వలేదు.

"గింతేనా? ఇది తినే చెక్కకు కూడ సాలయ్ ఈ పాలు" అన్నాడు మెల్లగా.

"సాలయ్. నాక్కూడ లెక్క తెలుసు. ట్రాలీ వాపస్ తీస్కపో."

అతను వెళ్ళాడు. ధార సన్నబడే దాకా పిండాను. ఇంట్లోంచి టీ కాగిన చప్పుడు, స్రవ్య గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. ముఖం తుడుచుకుందామని కొంగు ఎత్తాను. తుడవడానికి తడి లేదు. ఆ కొంగునే ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాను. నాగమణమ్మ వాసన ఇదే అయి ఉండాలి. నా అంతట నేను పోల్చుకోలేను, సుక్కి చెప్పింది కాబట్టి నమ్మాలి.

గిన్నె తీసుకెళ్ళి వంటింటి గడప దగ్గర పెట్టాను. చీర ఉతకవద్దని కోడలికి చెప్పాను.