అమ్మ కళ్ళు మూసుకున్న ఫోటో

"ఇవాళ వద్దులే మార్తమ్మా, ఏమనుకోకు," అన్నారు ఖదీజా గారు. గంప దించనివ్వలేదు. ఏలూరులో ఆవిడ ఇంటికి అమ్మ చేపలు తెచ్చివ్వడం నా చిన్నప్పట్నుంచీ ఉన్నదే. ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను.

"ఏమైందండీ?" అని అమ్మ అడిగితే ఫోను తిప్పి చూపించారు.

అందులో ఉన్నది అమ్మే. ముందు పళ్ళెంలో కొరమేను పులుసు. తల వాలిపోయి, కళ్ళు మూసుకుని ఉంది. పైన ఎర్ర అక్షరాలు: 'కొల్లేటి చేప తిన్న తల్లి... ఆ తర్వాత?'

"తిని నువ్వే పడిపోతే మేమెలా తింటాం చెప్పు?" అని తలుపు వేసేసుకున్నారు. వీధిలో మిగతా తలుపులూ తెరుచుకోలేదు. గంప నిండుగానే మా ఊరు కొల్లేటికోట తిరిగొచ్చింది.

అమ్మ పడిపోలేదు. తినేముందు ప్రార్థన చేసుకుంది, అంతే. ఎంత ఆకలేసినా మా ఇంట్లో ఆమెన్ అనకుండా ముద్ద ఎత్తరు.

వీడియో తీసింది నేను. దాని పైన ఆ బొమ్మ పెట్టింది తాడేపల్లిగూడెం నిరంజన్ గారు. ఆయనది పెద్ద ఛానెల్. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఉద్యోగం దొరక్క, అమ్మ వంటలతో ఛానెల్ పెడితే చుట్టాలు తప్ప ఎవరూ చూడలేదు. పైకొచ్చినవాళ్ళ దగ్గరే నేర్చుకోవాలని ఆయన క్లాసులో చేరాను. "జనం ఎక్కడ వదిలేసి పోతున్నారో చూసుకోండి. మొదటి మూడు సెకన్లలో పట్టుకోకపోతే మీరు లేనట్టే," అనేవారు. అది నిజమే. ఆయన మాట విని ఉల్లిపాయలు తరగడం తీసేశాక ఊరూ పేరూ తెలియనివాళ్ళు కూడా చూడటం మొదలుపెట్టారు. అందుకే "ఒక వీడియో ఇవ్వు, నా ఛానెల్లో వేసి కింద నీ లింకు పెడతాను," అంటే దండం పెట్టి మరీ ఇచ్చాను. నా ఛానెల్‌కి జనం విరగబడి వచ్చారు. గంప దగ్గరికి రావడం మానేశారు. మా పొయ్యి వెలిగేదేమో ఆ గంప మీద.

ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. మర్నాడు గూడెం బస్సెక్కాను. అమ్మ కూడా క్యారేజీ పట్టుకుని ఎక్కింది.

"సార్, ఆ ఫోటో తీసెయ్యండి," అన్నాను.

ఆయన కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. "జనం కావాలన్నావు, తెచ్చాను. ఇప్పుడు వద్దంటావా?"

"జనాన్ని కాదండి, అబద్ధాన్ని వద్దంటున్నాను."

"అబద్ధం ఎక్కడుంది? ఆ తర్వాత ఏమైందని అడిగాను. లోపల మీ అమ్మ శుభ్రంగా తింటూనే ఉందిగా."

"లోపలికి ఎంతమంది వెళ్ళారండీ? బయట ఫోటో చూసే చేపలు మానేశారు."

"చేపలమ్ముకునేవాళ్ళకి క్లాసు చెప్పాను చూడు, నాదీ బుద్ధితక్కువ."

అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడిన అమ్మ లోపలికొచ్చి, ఆయన బల్ల మీద, కెమెరాల మధ్య క్యారేజీ విప్పింది. ఏసీ గదంతా పులుసు వాసన.

"ఇదేం హోటలా? తియ్యి!"

"మీరూ తింటారా బాబూ?"

"నాకొద్దు."

"అయ్యో, మీ బొమ్మని మీరే నమ్మేశారేంటండీ?"

మూల కూర్చుని ఎడిటింగ్ చేస్తున్న అమ్మాయి కిసుక్కుమంది.

అమ్మ కళ్ళు మూసుకుంది. నేను ఫోను తీసి లైవ్ నొక్కాను. "ఇది నిరంజన్ గారి ఆఫీసు. ఆయన ఫోటోలో పడిపోయింది మా అమ్మే." మొదటి మూడు సెకన్లలో చెప్పాల్సింది చెప్పేశాను. ఆయన పంపిన జనమే వచ్చి చేరారు. ఆమెన్ అనేదాకా ఫోను కదపలేదు. తర్వాత అమ్మ నడిముల్లు తీసి పక్కన పెట్టి, తీరిగ్గా తినడం మొదలుపెట్టింది.

కెమెరా కనపడగానే ఆయన అలవాటుగా నవ్వారు. కింద కామెంట్లు చదివాక ఆ నవ్వు పోయింది.

"ఆపు," అన్నారు పళ్ళు బిగించి.

"మీరు వీడియో తీసేస్తే ఆపుతానండి."

"తీస్తే నీ లింకూ పోతుంది. మళ్ళీ చుట్టాలే మిగులుతారు."

"మిగలనివ్వండి."

ఆయన వీడియో తీసేసి, స్క్రీన్ నా వైపు తిప్పారు. నేను లైవ్ ఆపేశాను.

"ఇంక ఈ గడప తొక్కితే మర్యాదగా ఉండదు. ఈ చుట్టుపక్కల నీ వీడియో ఎవడు షేర్ చేస్తాడో నేనూ చూస్తాను."

"తొక్కం గానీ బాబూ," అంది అమ్మ, పులుసు చెయ్యి అలాగే పైకి పట్టుకుని. "చెయ్యి కడుక్కోడానికి నీళ్ళెక్కడ?"

బల్ల మీదున్న ఆయన నీళ్ళ సీసానే మూత తీసి, క్యారేజీ గిన్నె కింద పట్టి, అమ్మ చేతి మీద పోశాను.

"రేపు ముందు ఖదీజా గారి వీధికే పోదామే," అంది అమ్మ చెయ్యి దులుపుకుంటూ. "గంప దించనిస్తారో లేదో చూద్దాం."